పందికూరలో జామకాయ

పోయిన డిసెంబర్‌లో ఒక రాత్రి. ఇంటర్నల్స్ అయిపోయాయి. హాస్టల్ టెర్రస్ మీద ఆరుగురం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మన వైజాగ్ చలి సంగతి మీకు తెలిసిందే, 17 డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి. అదీ ఇదీ మాట్లాడుకుంటుంటే మాట తిండి మీదికి మళ్లింది. "చలికాలం రాత్రి మీ ఇంట్లో ఏం వండితే నీకు ప్రాణం లేచొస్తుంది? ఒక్కొక్కడూ చెప్పండ్రా" అన్నాడు ఒకడు.

భీమవరం వాడు రొయ్యల ఇగురు అన్నాడు. కరీంనగర్ వాడు సర్వపిండి అన్నాడు. తర్వాత మేమంతా 'కూర్గ్' అని పిలుచుకునే వాడి వంతు. "పంది కరి" అన్నాడు వాడు ఏ మొహమాటమూ లేకుండా. వాళ్ల కొడవ భాషలో కూడా పందిని పందే అంటారట. అందులో కాచంపుళి అని ఒక నల్లటి పులుపు వేస్తారని చెప్పాడు. కొండల్లో కాసే ఒక పుల్లటి పండు రసం తీసి, దాన్ని గంటలకొద్దీ మరిగిస్తే తారులాగా చిక్కబడుతుందట. కూర దించే ముందు ఒకటి రెండు చెంచాలు పోస్తే చాలట. బియ్యపు నూకతో చేసిన కడంబుట్టు అనే ఉండలతో తింటారట. వాడు చెప్తుంటే అందరికీ నోరూరింది. "కూర్గ్ ట్రిప్ ఫిక్స్ మామా" అన్నాడు భీమవరం వాడు.

నా వంతు వచ్చింది.

"చికెన్ పలావు" అన్నాను.

అబద్ధం. మా ఇంట్లో చలికాలం రాత్రి వంట అంటే పందికూరే. అందులో దోర జామకాయ ముక్కలు వేస్తుంది మా మామ్మ. ఒక్క నిమిషం ముందు ఒకడు అదే మాంసం పేరు చెప్తే అందరూ ట్రిప్ వేసుకున్నారు. ఆ తర్వాత కూడా నా నోరు పెగల్లేదు. కూర్గ్ మీద నాకు కోపం లేదు, వాడు చేసిన తప్పేమీ లేదు. కానీ వాళ్ల ఇంటి పందికూర వెనక కాఫీ తోట ఉంది, పెంకుటిల్లు ఉంది, గోడకి తుపాకీ ఉంది. మా ఇంటి పందికూర వెనక ఏముందో చెబితే ఎలా ఉంటుందోనని నాకు భయం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది రాయడానికి కారణం ఆ రాత్రే.

మాది చోడవరం. మా నాన్న సర్టిఫికెట్లలో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి మేం అనకాపల్లి జిల్లా వాళ్లం. చుట్టూ చెరకు. నా చిన్నప్పుడు ఈ కాలంలో గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్ల వెనక పరిగెత్తి గడలు లాక్కోవడం మా పెద్ద ఆట. మేం రెల్లి వాళ్లం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు తిరిగిన వాళ్లకి మా వాళ్లు రెండు చోట్ల కనిపిస్తారు. ఒకటి, తెల్లారకుండానే రోడ్లు ఊడ్చే చోట. రెండు, పళ్ల గంపల దగ్గర. మా ఇంట్లో ఆ రెండూ ఉన్నాయి. నాన్నది చీపురు, మామ్మది గంప.

మామ్మ నలభై ఏళ్లుగా పళ్లు అమ్ముతోంది. వేసవిలో మామిడి, వానల్లో మన్యం నుంచి దిగే అనాస, దసరా వెళ్లాక సీతాఫలం, చలికాలంలో జామ, సంక్రాంతికి రేగు. మా ఇంట్లో క్యాలెండర్ అవసరం లేదు, గంపలోకి తొంగి చూస్తే నెల తెలిసిపోతుంది. పళ్ల వ్యాపారంలో లాభమంతా పొద్దున్న, నష్టమంతా సాయంత్రం. పొద్దున్న నిగనిగలాడిన జామకాయకి సాయంత్రానికి ఒక పక్క దెబ్బ తగిలి ఉంటుంది. రేపు దాన్ని ఎవరూ కొనరు. అలాంటివి మా ఇంటికొస్తాయి. మెత్తబడినవి మేం తింటాం. గట్టిగా ఉన్నవి కూరలోకి వెళ్తాయి.

కార్తీకం నెలంతా మామ్మ నీచు ముట్టదు. సింహాచలం అప్పన్న దగ్గరికి వెళ్లే వారమూ ముట్టదు. కార్తీకం దాటి మార్గశిరం వచ్చాక, లక్ష్మివారాలు వదిలిపెట్టి, ఆదివారం కోసం చూసేది. మా పేట చివర ఆ రోజు పొద్దున్నే నల్ల పందిని కోసేవాళ్లు. తాటాకుల మంట మీద కాల్చి, గీకి, పసుపు రాసి ముక్కలు కొట్టేవాళ్లు. నాన్న కిలో తెచ్చేవాడు. సాయంత్రం వీధిలో నిలబడితే ఏ ఇంట్లో కూర ఎంతవరకు వచ్చిందో వాసనని బట్టి చెప్పేవాణ్ణి.

అదంతా ఎనిమిదో తరగతి వరకు.

ఒక సోమవారం స్కూల్‌కి బాక్స్‌లో ముందు రోజు రాత్రి కూర తీసుకెళ్లాను. రోజూ నాతో తినే స్నేహితుడు "ఏం కూరరా, వాసన అదిరిపోతోంది" అన్నాడు. వాడు మెచ్చుకున్నాడన్న సంతోషంలో నిజం చెప్పేశాను. "పందికూర. జామకాయలేసి వండింది మా మామ్మ" అన్నాను. వాడు నన్ను ఏమీ అనలేదు. మర్నాడు వాడి బాక్స్ తీసుకుని ఇంకో చెట్టు కిందికి వెళ్లి కూర్చున్నాడు. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు. తిట్టినా, కొట్టినా ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు. చెట్టు మారిన సంగతి ఎవరికి చెప్పుకుంటాం?

ఆ కోపమంతా సాయంత్రం మామ్మ మీద చూపించాను. "ఇంకెప్పుడూ ఆ కూర వండొద్దు. నా బట్టలన్నీ అదే వాసన. వండితే నేను ఇంట్లో తినను" అని అరిచాను. మామ్మ నా వైపు చూసి ఊరుకుంది. తర్వాత ఆదివారం కోడికూర వండింది. ఆ పై ఆదివారమూ కోడే. ఇంటర్ అయింది, ఇంజనీరింగ్‌లో చేరాను, సెలవులకి ఎప్పుడు వెళ్లినా కోడే. మా ఇంట్లో పందికూర మానేశారనుకున్నాను. నిజం చెప్పాలంటే, మానేసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

టెర్రస్ మీద అబద్ధమాడిన వారానికి, ఆదివారం మధ్యాహ్నం, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా ఇంటికి బయల్దేరాను. సబ్బవరం మీదుగా వెళ్లే బస్సు. చోడవరం దగ్గర పడుతుంటే కిటికీలోంచి బెల్లం వండుతున్న వాసన. దిగేసరికి చీకటి పడింది. మా వీధి మలుపు తిరగ్గానే ఆగిపోయాను. ఆరేళ్ల తర్వాత ఆ వాసన. మా ఇంట్లోంచే.

తలుపు తోసుకుని వెళ్లాను. మామ్మ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసింది. చూసీ చూడగానే ఆమె చేసిన మొదటి పని, కూర దాక దించి పక్కన పెట్టి, దాని మీద పళ్ల గంప బోర్లించడం.

"సెప్పకుండా వొచ్చీసావేటి బాబూ! నువ్వొస్తావని తెలీదు. ఏటనుకోకు. కూకో, మీ నాన్నని పంపి కోడి తెప్పిస్తానుండు" అంది.

ఆ మాటలో ఉన్న కంగారు నేను మర్చిపోలేను. ఆమె ఇల్లు, ఆమె పొయ్యి, ఆమె సొంత డబ్బుతో కొన్న కూర. డెబ్బై ఏళ్ల మనిషి మనవడికి భయపడి కూర దాచింది. ఎనిమిదో తరగతిలో నా స్నేహితుడు చెట్టు మారాడు. నేను ఆరేళ్లుగా మా ఇంట్లో అదే పని చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

వెళ్లి గంప తీశాను. మూత తీశాను. "కోడి వద్దు మామ్మా. అన్నం పెట్టు" అన్నాను. ఆమె నమ్మలేదు. నేను రెండోసారి వడ్డించుకున్నాక గానీ తను కంచం పెట్టుకోలేదు. తింటూ తింటూ, "జామకాయ ముక్కలు నీకిష్టమని సెప్పి ఎక్కువేసీదాన్ని అప్పట్లో" అంది.

మర్నాడు మామ్మని వెనకేసుకుని నేనే వండాను. ముందు రోజు తెచ్చిన దాంట్లో ఒక కిలో ముక్క మిగిలి ఉంది. చెప్తే ఆశ్చర్యపోతారు, హాస్టల్లో ఇండక్షన్ స్టవ్ మీద దొంగచాటుగా నూడుల్స్ వండినంత తేలిక. నేనైతే పావుగంట పనిచేశాను, మిగతాదంతా పొయ్యి చేసింది.

కిలో ముక్కలు, తోలూ కొవ్వూ ఉన్నవే. వేడినీళ్లతో కడిగి, ఉప్పూ పసుపూ పట్టించాలి. దాకలో చుక్క నూనె కూడా వెయ్యక్కర్లేదు. ముక్కలు వేసి సన్న మంట మీద పెడితే కొవ్వు కరిగి అదే నూనె అవుతుంది. "తొందరపడకు, దాని నూని అదే తెచ్చుకుంటాది" అంది మామ్మ. ముక్క అంచులు ఎర్రబడ్డాక మూడు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, అప్పుడే దంచిన అల్లం వెల్లుల్లి. అవి మగ్గాక రెండు చెంచాల కారం, ఒకటిన్నర చెంచా ధనియాల పొడి, మిరియాలు. ముక్క మునిగేలా నీళ్లు. కట్టెల పొయ్యి మీదైతే గంటన్నర. కుక్కరైతే ఐదారు విజిల్స్.

ఈలోగా ఆరేడు పచ్చి చింతకాయలు ఉడకబెట్టి, పిసికి, వడకట్టి గుజ్జు తియ్యాలి. ఈ నెలల్లో మా వైపు ఏ చింతచెట్టు చూసినా కాయలే. మూడు దోర జామకాయలు కోసి, మధ్యలో గింజలున్న భాగం తీసేసి, పెద్ద ముక్కలు చెయ్యాలి. మాంసం మెత్తబడ్డాక చింతకాయ గుజ్జు, జామ ముక్కలు, ఉసిరికాయంత అనకాపల్లి బెల్లం. పది నిమిషాలు ఉడికించి, లవంగం దాల్చినచెక్క పొడి చల్లి దించెయ్యాలి. పొగలు కక్కే అన్నంలోకి.

మామ్మ పులుపు ఎప్పుడూ ఆఖర్నే వేస్తుంది. ఎందుకంటే "ముందేస్తే బాగోదు" అంటుంది. మన భాషలో చెప్పుకోవాలంటే, కూరగాయల కణాల్ని అతికించి ఉంచేది పెక్టిన్. పులుపు తగిలితే అది త్వరగా కరగదు. అందుకే చింతకాయ గుజ్జులో ఉడికిన జామ ముక్క చితికిపోకుండా నిలబడుతుంది. జామలో పెక్టిన్ కూడా ఎక్కువ, కొంత రసంలోకి దిగి కూరని చిక్కబరుస్తుంది. తోలు దగ్గర ఉండే కొలాజెన్ నెమ్మదిగా ఉడికితే జెలటిన్ అవుతుంది, వేళ్లకి అంటుకునే ఆ జిగురు అదే. పంది కొవ్వు వేట కొవ్వు కంటే తక్కువ వేడికే కరుగుతుంది. చలి రాత్రి వేటమాంసం తింటుంటే కంచం అంచున తెల్లగా గడ్డ కడుతుందే, ఇది అంత తొందరగా కట్టదు. మామ్మకి ఈ మాటలేవీ తెలియవు, కానీ వీటన్నిటికీ సరిపడా ఆమె చెయ్యి నడుస్తుంది.

పందికీ పండుకీ ఈ స్నేహం మా వీధిలోనే పుట్టలేదని తర్వాత చదివితే తెలిసింది. కొవ్వు ఎక్కువున్న మాంసానికి పులుపో తీపో తోడుండాలి, లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. అందుకే ఎక్కడి వాళ్లు అక్కడ దొరికే పండు వేసుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆపిల్ సాస్‌తో తింటారు. అక్కడ ఆపిళ్లు కోతకొచ్చేదీ, పందుల్ని చలికాలం కోసం కోసేదీ ఒకే కాలం. అస్సాంలో ఔ టెంగా అనే పుల్లటి కాయ వేస్తారు. గోవాకి పోర్చుగీసు వాళ్లు వైన్, వెల్లుల్లితో నానబెట్టే మాంసం తెస్తే, అక్కడి కల్లు వెనిగర్‌తో కలిసి విండాలూ అయింది. మనం మీమ్స్ వేసుకునే పైనాపిల్ పిజ్జా ఉంది చూశారూ, 1962లో కెనడాలో పుట్టినప్పుడు దాని మీద అనాసతో పాటు వేసింది పంది మాంసమే. కూర్గ్ వాడి కాచంపుళీ, మా మామ్మ జామకాయా ఈ వరసలోవే.

ఒక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే హాస్టల్లో ఇది చాలాసార్లు విన్నాను. "పంది తింటే మెదడులో పురుగులొస్తాయి." సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు పెరగొచ్చు, అది నిజం. కానీ మెదడుకి చేరే జబ్బు ఆ పురుగు గుడ్లు మింగితే వస్తుంది. ఆ గుడ్లు బద్దెపురుగు ఉన్న మనిషి మలం నుంచి నీళ్లలోకి, కడగని ఆకుకూరల్లోకి, చేతుల్లోకి వస్తాయి. కాబట్టి జీవితంలో మాంసం ముట్టని వాళ్లకీ రావొచ్చు. మాంసం బాగా ఉడికించడం, కూరగాయలూ చేతులూ కడుక్కోవడం, అందరికీ మరుగుదొడ్డి ఉండటం, ఇవీ మందులు. ప్రెషర్ కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. ఆ వేడికి ఏ బద్దెపురుగూ బతకదు. నా మటుకు నాకు, ఊరు శుభ్రంగా ఉంచే పని చేసే ఇంటి వాడిని శుభ్రం గురించి అడిగినప్పుడల్లా నవ్వొస్తుంది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ముందు కూర్గ్‌కి చెప్పాను. చికెన్ పలావు అబద్ధమని, అసలు సంగతి ఇదని, ఎందుకు చెప్పలేకపోయానో కూడా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జామకాయా? ఎప్పుడు వెయ్యాలి, ముందా, చివరా?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకి నా గుండె బరువు సగం దిగింది.

జనవరిలో ఒక ఆదివారం ఇద్దరు మా ఇంటికి వచ్చారు, కూర్గ్, భీమవరం. భీమవరం వాడు ముందే చెప్పాడు, "నేను తినలేను మామా, అలవాటు లేదు. కానీ వస్తాను." అది నాకు నచ్చింది. ఎవరి తిండి వాళ్లది, తినమని నేను ఎవర్నీ అడగట్లేదు. పక్కన కూర్చుంటే చాలు. మామ్మ వాడి కోసం విడిగా కోడిగుడ్డు పులుసు పెట్టింది. కూర్గ్ మూడుసార్లు వడ్డించుకుని, నాకు అర్థం కాని కొడవలో ఏదో గొణుక్కుంటూ తిన్నాడు. ముగ్గురం ఒకే చాప మీద కూర్చున్నాం. భోజనం అయిపోవస్తుండగా భీమవరం వాడు మెల్లగా, "మామ్మగారూ, మాంసం వద్దు గానీ ఆ జామకాయ ముక్క ఒకటి వెయ్యండి" అన్నాడు. ఆ ముక్క గంటకి పైగా ఏ రసం మధ్య నానుతూ ఉందో వాడికీ తెలుసు, మాకూ తెలుసు. మామ్మ ఏమీ అనకుండా రెండు ముక్కలు వేసింది.

ఆ రోజు ఆమె దాక మీద గంప బోర్లించలేదు. వీధి తలుపు కూడా తెరిచే ఉంచింది.

టెర్రస్ మీద ఆ రాత్రి ఉన్న మిగతా ముగ్గురూ ఈ మ్యాగజైన్ చదువుతారని నాకు తెలుసు. మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదిరా. ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఈ కాలేజీలో ఇంకెవరైనా నాలాగే చికెన్ పలావు అని చెప్పి ఊరుకున్న వాళ్లుంటే, వాళ్ల ఇంటి కూర గురించి కూడా వచ్చే సంచికలో చదవాలని ఉంది.

నిన్న రాత్రి ఫోన్‌లో మామ్మకి చెప్పాను, కాలేజీ పత్రికలో నీ కూర గురించి రాస్తున్నానని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో, నలుగురికీ చెప్పినందుకు బాధపడుతోందేమో అనుకున్నాను.

"మరి జామకాయకి గింజలు తియ్యమని రాసావేటి?" అంది.

రాశాను మామ్మా.